రాని సంచికకు ఎవరు జవాబుదారీ? తగ్గింపు చందాలు అమ్మే సంస్థలకు బహిరంగ లేఖ

ఆన్‌లైన్‌లో తగ్గింపు ధరకు పత్రికల చందాలు అమ్మే సంస్థల నిర్వాహకులకు,

నమస్కారం.

నేను పత్రికలు కొని చదివే మనిషిని. తెర మీద ఎంత చదివినా, నెలకోసారి పేరు రాసి ఇంటికి వచ్చే అచ్చు పత్రిక మీద మక్కువ తగ్గలేదు. ఆ మక్కువ ఇన్నేళ్లు నిలబడడానికి మీ వ్యాపారం కూడా ఒక కారణం. అట్ట మీద వేసిన ధర పెట్టి విడివిడిగా కొనాలంటే ఒకటి రెండు పత్రికలతో సరిపెట్టుకోవలసిన వాళ్లం, మీ దగ్గర ఏడాది చందా సగానికి, ఒక్కోసారి అంతకన్నా తక్కువకు దొరకడం వల్ల నాలుగైదు తెప్పించుకోగలుగుతున్నాం. సొంత డబ్బుతో తరగతి గదికి పిల్లల పత్రికలు తెప్పించే ఉపాధ్యాయులున్నారు. చాలీచాలని నిధులతో నడిచే చిన్న గ్రంథాలయాలున్నాయి. కదలలేని పెద్దవాళ్లకు కాలక్షేపంగా రెండు మూడు పత్రికలు కట్టించే కొడుకులూ కూతుళ్లూ ఉన్నారు. వీళ్లందరికీ మీ తగ్గింపు నిజంగా అక్కరకు వచ్చేదే. మీ దుకాణాలు మూతపడాలని నేను ఎంతమాత్రం కోరుకోవడం లేదు. అవి నమ్మదగిన దుకాణాలు కావాలని కోరుతూ ఈ లేఖ రాస్తున్నాను.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. చందా వ్యాపారంలో డబ్బంతా మొదటి రోజే మీ చేతికి వస్తుంది. పత్రిక మాత్రం ఏడాది పొడవునా విడతలుగా మాకు అందాలి. డబ్బు తీసుకున్నది మీరు కాబట్టి, చివరి సంచిక మా చేతికి వచ్చేదాకా పూచీ కూడా మీదే కావాలి. "మేము ఏజెంట్లం మాత్రమే, పత్రిక పంపేది ప్రచురణకర్త, వాళ్లనే అడగండి" అనే జవాబును మీరు పూర్తిగా మానుకోవాలి. ధరలో తగ్గింపు ఇచ్చినంత మాత్రాన బాధ్యతలో తగ్గింపు తీసుకునే హక్కు ఎవరికీ రాదు.

ఇది ఊహించుకుని రాస్తున్నది కాదు. మా అక్క కూతురికి సైన్సు అంటే ప్రాణం. దాని పుట్టినరోజుకు పిల్లల సైన్సు మాసపత్రిక ఒకటి ఏడాది పాటు పంపే ఏర్పాటు చేద్దామని మీలో ఒక సంస్థ ద్వారా చందా కట్టాను. ఆ సంస్థ పేరు ఇక్కడ రాయడం లేదు. ఇలాంటి అనుభవం నాకు ఒక్క సంస్థతోనే ఎదురై ఉంటే ఆ సంస్థకే ఉత్తరం రాసి ఊరుకునేదాన్ని, ఇలా అందరికీ రాయవలసిన అవసరం ఉండేది కాదు.

డబ్బు కట్టిన క్షణంలోనే ఈమెయిల్ వచ్చింది. అందులో ఆర్డర్ నంబరు, కృతజ్ఞతలు, మరో పది పత్రికల బొమ్మలు ఉన్నాయి. మొదటి సంచిక ఆరు నుంచి పన్నెండు వారాల్లో వస్తుందన్న మాట మాత్రం అట్టడుగున, కంటికి ఆనీ ఆనని అక్షరాల్లో ఉంది. పిల్లకు ముందే చెప్పేశాం. "పిన్నీ, నా పత్రిక ఇంకా రాలేదా?" అని అది ఫోన్ చేసినప్పుడల్లా ఇదిగో వస్తుంది, అదిగో వస్తుంది అని నచ్చజెబుతూ వచ్చాను. మీరు చెప్పిన గడువు దాటింది. మీ చాట్‌లో అడిగితే ఆర్డర్‌ను ప్రచురణకర్తకు పంపించామని, తమ వైపు నుంచి పని పూర్తయిందని సమాధానం. ప్రచురణకర్త కార్యాలయానికి ఫోన్ చేస్తే, ఆ పేరుతో తమ దగ్గర చందాదారే లేరని సమాధానం. మళ్లీ మీ దగ్గరికి వస్తే, చందాదారు సంఖ్య ఇస్తే తప్ప వెతకలేమన్నారు. ఆ సంఖ్య ఎక్కడ దొరుకుతుందని అడిగితే, పత్రిక కవరు మీద అంటించిన చీటీలో ఉంటుందన్నారు. పత్రికే రాలేదు కదా, చీటీ ఎక్కడి నుంచి వస్తుంది? ఈ ప్రశ్నకు జవాబు రాలేదు. జవాబుకు బదులు, నా ఫిర్యాదు పరిష్కారమైందని, సేవ ఎలా ఉందో నక్షత్రాలు ఇచ్చి చెప్పమని ఈమెయిల్ వచ్చింది. పరిష్కారం కాని ఫిర్యాదును పరిష్కారమైనట్టు రాసుకోవడం పొరపాటు కిందికి రాదు. అది అబద్ధం. ఈ లేఖలో నాకు అన్నిటికన్నా కోపం తెప్పించే విషయం ఇదే.

ఎట్టకేలకు ఒక సంచిక దొరికింది. అక్క వాళ్లుండే భవనంలో వేరే అంతస్తు వాళ్లెవరో, తమది కాని పత్రిక వచ్చిందని పిల్ల పేరు చూసి తెచ్చి ఇచ్చారు. ఆ ప్లాస్టిక్ కవరు మీది చీటీని తీరిగ్గా చూశాను. పై వరుసలో పొడవాటి సంఖ్య. దాని పక్కన చందా ముగిసే నెల, సంవత్సరం. కింద పిల్ల పేరు, అందులో ఒక అక్షరం తప్పు. ఆ కింద వీధి పేరు. దాని తరువాతి వరుసలో బ్లాకు పేరు సగంలో తెగిపోయి ఉంది, ఇంటి నంబరు అసలే లేదు. మీ వెబ్‌సైట్‌లో చిరునామాకు రెండు గళ్లున్నాయి, రెండూ నిండుగానే నింపాను. మీ రసీదులోనూ చిరునామా పూర్తిగానే ఉంది. మీ దగ్గర నుంచి చీటీ అచ్చయ్యే చోటికి చేరే దారిలో ఎక్కడో రెండో గడి కత్తిరించుకుపోయింది. ఒక వరుసలో ఇన్ని అక్షరాలే పడతాయన్న పరిమితి ఆ చివర ఉన్నప్పుడు, అదే పరిమితిని ఈ చివర మాకు చూపించాలి కదా! గడి నిండిందని ఎర్ర అక్షరాల్లో ఒక్క మాట కనిపిస్తే కుదించి రాసేవాళ్లం. అక్షరంలో తప్పు కూడా అలాగే వచ్చి ఉంటుంది. ప్రచురణకర్త దగ్గర మా పేరుతో వెతికితే దొరకకపోవడానికి అదే కారణమని ఇప్పుడు అర్థమవుతోంది.

ఆ చీటీలో ఇంకో సంగతి ఉంది. చందా ముగిసే నెలను వాళ్లు మొదటి సంచిక 'పంపిన' నెల నుంచి లెక్కవేశారు. అంటే దారిలో పోయిన సంచికలన్నీ మాకు అందినట్టే లెక్క. వాటి బదులు చందాను పొడిగించమని అడిగితే, మా రికార్డుల ప్రకారం అవి పంపించాం, పైగా రాని సంచిక గురించి నిర్ణీత గడువులోగా చెప్పాలి అన్నారు. మొదటి సంచిక ఏ నెలదో మాకు ఎవరూ చెప్పనప్పుడు, రానిది ఏదో మాకు ఎలా తెలుస్తుంది?

ఈ గొడవ పడ్డాక మీ వ్యాపారం లోపల ఎలా నడుస్తుందో తెలుసుకోవడానికి కొంత శ్రమ పడ్డాను. తెలిసిన మేరకు ఇక్కడ రాస్తున్నాను, ఎందుకంటే చందా కట్టే వాళ్లలో చాలామందికి ఇది తెలియదు. మీ వెబ్‌సైట్‌లో మేము కట్టిన డబ్బులో ఎక్కువ భాగం చాలా సందర్భాల్లో మీ దగ్గరే ఉంటుంది, ప్రచురణకర్తకు చేరేది కొద్ది భాగం. అంత తక్కువకు ప్రచురణకర్త ఎందుకు ఒప్పుకుంటాడంటే, అతనికి కావలసింది మా చందా డబ్బు కన్నా మా సంఖ్య. ఇన్ని వేలమంది, ఇన్ని లక్షలమంది డబ్బు కట్టి తెప్పించుకుంటున్నారని చూపిస్తేనే ప్రకటనలకు మంచి ధర వస్తుంది. ఆ లెక్కను ప్రకటనదారులు నమ్మాలనే కదా, సర్క్యులేషన్‌ను, అంటే పాఠకులకు చేరే ప్రతుల సంఖ్యను, తనిఖీ చేసే ఆడిట్ బ్యూరోలు పుట్టాయి. అమెరికాలో 1914లో, భారతదేశంలో 1948లో అలాంటి సంస్థలు ఏర్పడ్డాయి. మా పేర్లు ఆ లెక్కలో చేరగానే ప్రచురణకర్త అవసరం తీరుతుంది, మా డబ్బు చేరగానే మీ అవసరం తీరుతుంది. పత్రిక మా ఇంటికి చేరిందా లేదా అన్నది మాత్రం ఇద్దరిలో ఎవరికీ తక్షణ అవసరం కాకుండా మిగిలిపోతుంది. చీటీలు అచ్చు వేసి పత్రికలు పంపే పని చాలాసార్లు ఈ ఇద్దరూ కాక మూడో సంస్థ చేస్తుంది. ఆ మూడో సంస్థ పేరు కూడా మాకు తెలియదు. మేము ఫోన్ చేసే నంబరు ప్రచురణకర్తదని మేము అనుకుంటాం, అది తరచుగా ఆ మూడో సంస్థదే.

ఆలస్యం ఎందుకవుతుందో కూడా దీన్ని బట్టి అర్థమవుతుంది. మీరు ఆర్డర్లను ఏ రోజుకారోజు పంపరు. పోగుచేసి కట్టగా పంపుతారు. అక్కడ చీటీల జాబితాను సంచిక అచ్చుకు వెళ్లడానికి ముందే ఖరారు చేస్తారు. ఆ తేదీ ఒక్క రోజు దాటినా మా పేరు తరువాతి సంచికకు వెళుతుంది. మాసపత్రికైతే ఒక నెల, రెండు నెలలకోసారి వచ్చేదైతే రెండు నెలలు పోతాయి. ఇందులో మోసం ఏమీ లేదు, ఒప్పుకుంటాను. కానీ ఈ సంగతి డబ్బు కట్టకముందే, ధర పక్కనే, అంతే పెద్ద అక్షరాల్లో చెప్పడానికి అడ్డేమిటి? 'ఈరోజు కడితే ఫలానా నెల సంచికతో మొదలవుతుంది' అని ఒక వాక్యం. కంప్యూటర్‌కు అది తెలియని విషయం కాదు.

ఈ నిరీక్షణ వల్ల మాకు పోయేది ఓపిక ఒక్కటే అయితే ఇంత దూరం రాసేదాన్ని కాదు. హక్కులు కూడా పోతాయి. అమెరికాలో 1974 నాటి ఫెయిర్ క్రెడిట్ బిల్లింగ్ చట్టం ప్రకారం, ఒప్పుకున్న వస్తువు అందకపోతే క్రెడిట్ కార్డు బిల్లు మీద అభ్యంతరం చెప్పవచ్చు. అయితే ఆ మొత్తం మొదటిసారి కనిపించిన బిల్లు పంపిన 60 రోజుల్లోగా రాతపూర్వకంగా చెప్పాలి. పన్నెండు వారాలంటే 84 రోజులు. గడువు నిండేదాకా బుద్ధిగా ఎదురుచూసిన చందాదారుకు, అభ్యంతరం చెప్పే గడువు ముగియవస్తూ ఉంటుంది, లేదా ముగిసే పోయి ఉంటుంది. 'దయచేసి పన్నెండు వారాల తరువాతే సంప్రదించండి' అని మీరు పెట్టే వాక్యం ఎంత నష్టం చేస్తుందో మీకు తెలిసే పెడుతున్నారా? తెలియకపోతే ఇప్పుడు తెలిసింది కనుక తీసేయండి.

అదే దేశంలో వినియోగదారుల రక్షణ చూసే ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 1975లో తపాలా ఆర్డర్ల కోసం ఒక నిబంధన తెచ్చింది. తరువాత దాన్ని ఫోను ఆర్డర్లకు, ఇంటర్నెట్ ఆర్డర్లకు కూడా విస్తరించారు. అమ్మినవాడు చెప్పిన గడువులోగా, గడువు చెప్పకపోతే 30 రోజుల్లోగా వస్తువు పంపాలి. ఆలస్యమైతే కొన్నవారి అంగీకారం తీసుకోవాలి, లేదంటే డబ్బు తిరిగి ఇవ్వాలి. చక్కని నిబంధన. కానీ పత్రికల చందాల విషయంలో అది వర్తించేది మొదటి సంచికకే. రెండో సంచిక నుంచి ఏడాది చివరిదాకా ఆ రక్షణ లేదు. నా మాట ఎందుకింత గట్టిగా చెబుతున్నానో ఇప్పుడు మీకు అర్థమై ఉంటుంది. చట్టం మొదటి సంచిక దగ్గర ఆగిపోయిన చోట, మమ్మల్ని కాపాడేది మీ మాట ఒక్కటే. ఆ మాటే మీరు ఇవ్వడం లేదు.

యూరోపియన్ యూనియన్ ఈ విషయంలో మరింత ఆలోచించింది. 2011 నాటి వినియోగదారుల హక్కుల ఆదేశం దూరం నుంచి చేసిన కొనుగోలును కారణం చెప్పకుండా 14 రోజుల్లో వెనక్కి తీసుకునే వీలు ఇచ్చింది. విడిగా కొన్న పత్రికలను అందులోంచి మినహాయించి, చందాలను మాత్రం మినహాయించలేదు. అన్నిటికన్నా మంచి సంగతి ఏమిటంటే, విడతలుగా అందే వస్తువుల విషయంలో ఆ 14 రోజులను డబ్బు కట్టిన రోజు నుంచి కాక, మొదటి విడత చేతికి అందిన రోజు నుంచి లెక్కపెడతారు. ఇది రాసినవాళ్లు చందాదారు చోటులో నిలబడి ఆలోచించారనిపిస్తుంది. ఈ లెక్కను మీరు ఏ దేశంలో ఉన్నా స్వచ్ఛందంగా పాటించవచ్చు. వద్దనేవారు ఎవరూ లేరు.

సంచికల లెక్క దగ్గరికి వద్దాం. 'ఏడాది చందా' అని పెద్దగా వేస్తారు, ఎన్ని సంచికలో మాత్రం దాస్తారు. కొన్ని పత్రికలు ఏడాదిలో కొన్నిసార్లు రెండు సంచికలను కలిపి ఒకటిగా వేస్తాయి, చందా లెక్కలో దాన్ని రెండు సంచికలుగా లెక్కపెడతాయి. అలా చేయడం ప్రచురణకర్త ఇష్టం కావచ్చు. కానీ చేతికి వచ్చేవి ఎన్నో కొనేముందు చెప్పడం మీ పని. మీరు చూపించే తగ్గింపు శాతం కూడా అట్ట మీది ధరను సంచికల సంఖ్యతో గుణించి వేసిందే. ఆ సంఖ్య తప్పయితే శాతమూ తప్పే.

పత్రిక మధ్యలో ఆగిపోతే? ఇది అరుదైన సంగతి కాదు. న్యూస్‌వీక్ 2012 డిసెంబర్ చివరి సంచికతో అచ్చు ఆపేసి, 2014లో మళ్లీ మొదలుపెట్టింది. 2022లో ఎంటర్‌టైన్‌మెంట్ వీక్లీ, ఇన్‌స్టైల్, పేరెంట్స్ సహా ఆరు అమెరికన్ పత్రికల అచ్చు ప్రతులు ఒకేసారి ఆగిపోయాయి. పత్రిక ఆగిపోవడం ఎవరి తప్పూ కాదు, చదివేవాళ్లకు అది బాధే. కానీ ఆగిన పత్రిక బదులు ఏ పత్రిక రావాలో మీరో ప్రచురణకర్తో మమ్మల్ని అడగకుండా నిర్ణయించేస్తారు. తోటపని పత్రిక కట్టిన పెద్దాయనకు ఫ్యాషన్ పత్రిక పంపి లెక్క సరిచేసుకున్నామంటే ఎలా? మిగిలిన సంచికల విలువ డబ్బుగా కావాలా, వేరే పత్రిక కావాలా అని అడగాలి. జవాబు రాకపోతే డబ్బు తిరిగి పంపాలి. డబ్బు ఎవరిది అన్న ప్రశ్నకు సమాధానం తెలిసినవాళ్లకు ఇది కష్టమైన నిర్ణయం కాదు.

ఆటో రెన్యువల్ గురించి ఎక్కువ రాయను, దాని బాధ పడని పాఠకులు తక్కువ. తగ్గింపు ధరకు చేర్చుకుని, ఏడాది తిరిగేసరికి పూర్తి ధరకు కార్డు మీద డబ్బు తీసుకోవడం, రద్దు చేసుకుందామంటే ఫోనులోనే చేయాలనడం, ఆ ఫోను ఎత్తకపోవడం. జర్మనీలో 2022 జులై 1 నుంచి ఆన్‌లైన్‌లో చేసుకున్న ఇలాంటి ఒప్పందాలకు వెబ్‌సైట్‌లోనే రద్దు బటన్ ఉండి తీరాలి. భారతదేశంలో 2023 నవంబర్ 30న వెలువడిన మార్గదర్శకాలు 13 రకాల డార్క్ ప్యాటర్న్‌లను, అంటే వెబ్‌సైట్‌లో కొనుగోలుదారును తప్పుదారి పట్టించే ఎత్తులను, నిషేధించాయి. చేరడం సులువుగా, రద్దు చేసుకోవడం కష్టంగా పెట్టే చందా ఉచ్చు వాటిలో ఒకటి. అక్కడి రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం కార్డు నుంచి ఇలా దానంతటదే డబ్బు తీసుకునేముందు కనీసం 24 గంటలకు ముందు కొనుగోలుదారుకు తెలియజేయాలి. అమెరికాలో చేరినంత సులువుగా రద్దు చేసుకునే వీలుండాలని 2024 అక్టోబర్‌లో తెచ్చిన నిబంధనను, ప్రక్రియ సరిగా పాటించలేదన్న కారణంతో 2025 జులైలో అప్పీళ్ల న్యాయస్థానం కొట్టేసింది. నిబంధన పోయిందని ఊపిరి పీల్చుకున్నవాళ్లు మీలో ఉంటే వాళ్లను నేను అడిగేది ఒక్కటే: మీ చందాదారు మీ దగ్గర ఉండడానికి కారణం పత్రిక బాగుండడమా, బయటికి వెళ్లే తలుపు కనిపించకపోవడమా?

మీ రంగంలోనే ఒక ఉదాహరణ ఉంది. పబ్లిషర్స్ క్లియరింగ్ హౌస్ 1953లో మొదలైంది. అనేక ప్రచురణకర్తల చందాలను ఒకే కవరులో పెట్టి, తగ్గింపు ధరకు ఇంటింటికీ పంపే పద్ధతిని అది పెంచి పెద్ద చేసింది. తరువాత అందరికీ తెలిసింది అది లక్కీ డ్రా పద్ధతిలో ఇచ్చే బహుమతుల ద్వారా. కొంటేనే బహుమతి వచ్చే అవకాశం ఉంటుందని, లేదా పెరుగుతుందని జనం నమ్మేలా వెబ్‌సైట్‌ను తీర్చిందన్న ఆరోపణపై 2023లో ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌తో రాజీ చేసుకుని 1.85 కోట్ల డాలర్లు చెల్లించడానికి ఒప్పుకుంది. 2025 ఏప్రిల్‌లో దివాలా రక్షణ కోరింది. దాని పతనానికి కారణాలు ఎన్నో ఉండవచ్చు, అన్నీ దీనికే అంటగట్టను. కానీ ఏడు దశాబ్దాల పేరు కూడా జనం నమ్మకం సడలాక నిలబెట్టలేదన్నది మీరు ఆలోచించవలసిన విషయం.

మీ కస్టమర్ కేర్‌లో పనిచేసేవాళ్ల మీద నాకు కోపం లేదు. ఒక రోజు నాతో మాట్లాడిన అబ్బాయి చివరికి, "మేడమ్, నాకు మీ ఆర్డర్ తెర మీద కనిపిస్తుంది, మార్చే వీలు మాత్రం లేదు. ప్రచురణకర్తను మీరు అడిగినట్టే నేనూ ఫోన్ చేసి అడగాలి" అన్నాడు. ఆ మాట ఒక్కటే ఆ సంస్థ నుంచి నాకు దొరికిన నిజం. చిరునామా సరిచేసే అధికారం లేదు, చందా పొడిగించే అధికారం లేదు, డబ్బు తిరిగి ఇచ్చే అధికారం అసలే లేదు. చేతులు కట్టేసి తిట్లు తినడానికి కూర్చోబెట్టినట్టు ఉంది వాళ్ల పరిస్థితి. ఫిర్యాదులను ఎంత వేగంగా మూసేస్తే అంత మంచి ఉద్యోగి అని మీరు కొలుస్తున్నంత కాలం, పరిష్కారం కానివి పరిష్కారమైనట్టు మూతపడుతూనే ఉంటాయి. కొలమానం మార్చండి. పోయిన సంచిక చందాదారు చేతికి వచ్చిందా, లేక దాని విలువ తిరిగి అందిందా అన్నది కొలవండి.

ప్రచురణకర్తలకు కూడా ఒక మాట. ఏజెంటు ద్వారా వచ్చిన చందాదారు మీకు పరాయివాడు కాడు. అట్ట మీద పేరు మీది, లోపల రాసినవాళ్లు మీవాళ్లు, రాకపోతే చెడేది కూడా మీ పేరే. "మీరు మా దగ్గర నేరుగా కట్టలేదు" అని ఫోను పెట్టేయడం మీకు మర్యాద కాదు. ఆ పేరును మీ ప్రకటనదారులకు చూపించే లెక్కలో కలుపుకున్నారు కదా. లెక్కలో ఉన్న మనిషి ఫిర్యాదులోనూ ఉండాలి. అంతేకాదు, మీకు ఏ సంబంధమూ లేని సంస్థలు చందా గడువు ముగిసిందంటూ మీ పేరుతో నకిలీ నోటీసులు పంపి డబ్బు లాగుతున్నాయి. మీ అధీకృత ఏజెంట్లు ఎవరో మీ వెబ్‌సైట్‌లో, పత్రికలో అందరికీ కనిపించేలా వేస్తే పాఠకులు అలాంటి వలలో పడకుండా ఉంటారు. నిజాయితీగా పనిచేసే ఏజెంట్లకు కూడా అది మేలు.

ఇక మీరు చేయవలసినవి. నేను అడుగుతున్నవి పెద్ద పెట్టుబడి కోరేవి కావు. ఆర్డర్ ప్రచురణకర్త దగ్గర నమోదైన రోజున చందాదారు సంఖ్య, మొదలయ్యే సంచిక, ముగిసే సంచిక, చీటీ మీద అచ్చయ్యే చిరునామా అచ్చంగా ఎలా ఉంటుందో అలాగే మాకు ఈమెయిల్‌లో పంపండి. ఇది ఒక్కటి చేస్తే నా గొడవ మొదలయ్యేదే కాదు. బ్యాంకు స్టేట్‌మెంటులో మీ వెబ్‌సైట్ పేరే కనిపించాలి, ఎవరూ ఎన్నడూ వినని మరో కంపెనీ పేరు కాదు. సంచిక రాలేదని మేము చెబితే, రుజువు చేయమని మమ్మల్ని అడగకండి. రాని వస్తువుకు రుజువు ఎక్కడ నుంచి తేవాలి? పొడిగించండి. రెండోసారీ రాకపోతే డబ్బు తిరిగి ఇవ్వండి, అదీ మిగిలిన సంచికలకు మాత్రమే కాకుండా రానివాటికి కూడా లెక్కగట్టి ఇవ్వండి. భారతదేశపు 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనలు ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలియజేయాలని, నెలలోగా పరిష్కరించాలని చెబుతున్నాయి. అది అన్ని దేశాల చందాదారులకూ న్యాయమైన గడువే. అన్నిటికన్నా ముఖ్యంగా, ప్రచురణకర్తతో మాట్లాడే పని మీరు చేయండి. వాళ్లతో ఒప్పందం ఉన్నది మీకు, మాకు కాదు. వాళ్ల ఫోను నంబరు మా చేతిలో పెట్టి తప్పుకోవడాన్ని సేవ అని పిలవకండి.

తోటి చందాదారులు ఈ లేఖ చదువుతుంటే, వాళ్లకు కూడా రెండు మాటలు. కట్టేముందు ఆ పేజీని ఫోటో తీసి ఉంచుకోండి: సంచికల సంఖ్య, మొదలయ్యే గడువు, రెన్యువల్ నిబంధన కనిపించేలా. పత్రిక వెబ్‌సైట్‌లో అధీకృత ఏజెంట్ల జాబితా ఉంటే అందులో ఆ సంస్థ పేరుందేమో చూడండి. వీలైతే క్రెడిట్ కార్డుతో కట్టండి, అభ్యంతరం చెప్పే గడువు ఎప్పటిదాకానో కార్డు ఇచ్చిన బ్యాంకును ముందే అడిగి తెలుసుకోండి, ఆ గడువు పత్రిక కోసం ఆగదు. మొదటి సంచిక రాగానే కవరు చించి పారేయకుండా చీటీని దాచుకోండి. ఫిర్యాదు ఫోనులో చేసినా, వెంటనే అదే విషయం రాతలో పంపండి. కానుకగా కట్టినవాళ్లు, అందుకునేవాళ్ల దగ్గర పత్రిక వచ్చిందో లేదో అడిగి తెలుసుకోండి. మొహమాటం కొద్దీ చాలామంది రాలేదని చెప్పరు.

ఈ లేఖకు మీరు జవాబిస్తే అందరికీ కనిపించేలా ఇవ్వండి. క్షమాపణలు నాకు అక్కర్లేదు, కూపన్లూ వద్దు. మీ నిబంధనల పేజీలో 'పత్రిక అందజేతకు మా బాధ్యత లేదు' అనే వాక్యం ఉన్న చోట, 'మేము అమ్మిన ప్రతి సంచిక మీకు అందే వరకు, అందకపోతే దాని డబ్బు తిరిగి చేరే వరకు బాధ్యత మాది' అని రాసి, ఆ మార్పు చేసిన తేదీ వేయండి. ఆ పని ముందుగా ఏ సంస్థ చేస్తే, నేను తెప్పించుకునే పత్రికలన్నిటి చందాలూ వచ్చే ఏడాది ఆ సంస్థలోనే కడతాను. అక్కడే కట్టమని తెలిసిన వాళ్లందరికీ చెబుతాను.

ఇట్లు,
ఒక చందాదారు